గోడ మీద లేనివాళ్ళు

నూనె కాగిందో లేదో తెలియాలంటే చిటికెడు పిండి వేసి చూస్తే చాలు, తేలిందంటే కాగినట్టు. మనిషి సంగతి తెలియాలంటే మాత్రం మోచేతి మడతలోంచి ఒక గొట్టం నిండా రక్తం తీసుకుని, వారాల తరబడి ఆగమన్నారు. ఆగాం. ఇవాళ భోజనాల వేళ దాటాక ఫోన్ చేస్తానంది ఆసుపత్రిలో గ్లోరి. భోజనాలయ్యాయి, అంట్లు కూడా అయ్యాయి, కీర్తన ఫోను పొయ్యి గట్టు మీద మినప్పిండి గిన్నెకీ అరిటాకుకీ మధ్య బోర్లా పడుకుని ఉంది. "మోగితే పిలువమ్మా, నా దగ్గరుంటే దాన్నే చూస్తూ కూర్చుంటాను" అని అక్కడ పెట్టి పోయింది నా కూతురు. అంటే చూస్తూ కూర్చునే పని నాకు అప్పజెప్పిందన్నమాట, గారెలు వేసే పనితో కలిపి. వినగడప నుంచి పెళ్ళివారు బయల్దేరారట, ముహూర్తం పెట్టుకోవడానికి. కీర్తననిచ్చేది ఎవరికో కాదు, మా ఆయన అక్క నాగేశ్వరమ్మ కొడుకు అఖిల్‌కే. నాగేశ్వరమ్మ వదిన ఇప్పుడు లేదు. వాడు పదో తరగతిలో ఉండగా పోయింది, రొమ్ములో పుట్టిన గడ్డతో. ఇప్పుడు ఆమె కూతురు నీహారికకి అదే గడ్డ. బెజవాడ ఆసుపత్రిలో నీహారిక రక్తం పరీక్షకు పంపితే, తల్లి నుంచి వచ్చిన జన్యువులో ఒక లోపం ఉందని తేలింది. ఆ వెనకే తమ్ముడు అఖిల్‌కీ ఉందని తేలింది. ఇక తల్లి తోడబుట్టినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ కూడా చూపించుకోవాలన్నారు. తల్లి తోడబుట్టినవాళ్ళంటే మా ఆయన. పిల్లలంటే కీర్తన. గారె తిప్పాను. ఒక పక్క మాడింది.

మాడినవి నేను తింటాను, ఎప్పుడూ అంతే, ఆ లెక్కన నా కడుపులో ఈపాటికి బొగ్గు గని ఉండాలి. హాల్లో మా ఆయన కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఒకటి ఇటు, ఒకటి అటు, మళ్ళీ మొదటిది ఇటు. పెళ్ళిమాటలనగానే మగవాళ్ళకి కుర్చీల మీద అంత భక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో. శుభమైనా అశుభమైనా వంటింట్లో మాకు గారెలే, హాల్లో వాళ్ళకి కుర్చీలే. పిండి ఒకటే, నూనె ఒకటే, మాసికానికి వేసిన గారెకీ పెళ్ళికి వేసిన గారెకీ మధ్యలో చిల్లు కూడా ఒకటే. ఏ పని మీద వేస్తున్నావో గారెకి చెప్పక్కర్లేదు. ఇవాళ నాకే తెలియడం లేదు, ఎందుకు వేస్తున్నానో. మొన్న నీహారిక మంచం పక్కన నిలబడి డాక్టరుగారు అడిగారు, "మేనమామ మీరేనా? మీ వైపు ఇంకెవరికైనా ఈ జబ్బుందా అండీ?" అని. మా ఆయన ఏ తడబాటూ లేకుండా, "మా వైపు ఎవరికీ లేదండి. మా నాన్న అంకారావుగారు తొంభై దాటాక కూడా తోటకి నడిచెళ్ళొచ్చిన మనిషి" అన్నారు. అబద్ధమాడే మనిషి కాదు ఆయన, ఆడితే చెవులు ఎర్రబడతాయి, ఆ రోజు చెవులు మామూలుగానే ఉన్నాయి. సొంత అక్క పాడె మోసిన భుజం అది. కానీ అక్క "మా వైపు" కాదు కదా. ఇచ్చేశాంగా. ఇంటిపేరు మారిందిగా. వినగడపవాళ్ళ మనిషి పోతే వినగడపవాళ్ళ లెక్క.

మా హాలు గోడ చూస్తే ఎవరికైనా మా వంశం మీద కన్నుకుడుతుంది. మా మామగారు, ఆయన తండ్రి, తాత, పెదనాన్నలు, అందరూ మీసాలతో, గంధపు దండలతో, నెరిసిన కనుబొమలతో ఉంటారు, ఒక్కడూ ముందుగా పోయినవాడు లేడు. పక్కన వాళ్ళ భార్యలు, బయటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళూ గట్టిపిండాలే. చావు కూడా ఈ ఇంటికి మర్యాదగా, పిలిచాకే వచ్చినట్టుంటుంది. గోడ మీద లేనిదల్లా ఈ ఇంట్లో పుట్టిన ఆడవాళ్ళు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజున గోడ మీది ఆమె ఫొటో దించేస్తారు. ఇచ్చేసిన పిల్ల బొమ్మ పుట్టింట్లో వేలాడుతుంటే అక్కడ కాపురం కుదురుకోదట. పోయాక దండ వేసిన ఫొటో అత్తింటి గోడకే ఎక్కుతుంది. కాబట్టి మా వంశం సంగతి తెలుసుకోవాలంటే ఈ గోడ చాలదు, షేరాటో ఎక్కాలి. విస్సన్నపేట వెళితే మామగారి పెద్దచెల్లెలు, రెడ్డిగూడెం వెళితే చిన్నచెల్లెలు, వినగడప వెళితే నాగేశ్వరమ్మ వదిన. ముగ్గురికీ నల్లజుట్టే. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ పోయినప్పుడల్లా అందరూ పట్టుచీరలు చూస్తుంటే నేను ఆ గోడలు చూశాను. ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం చెప్పారు. విస్సన్నపేటలో దిష్టి. రెడ్డిగూడెంలో వీధిపోటు. వినగడపలో గుండె దగ్గర నొప్పి. రొమ్ము అనే మాట మా వాళ్ళ నోట పలకదు, పాలిచ్చినన్నాళ్ళూ దానికి పేరే అక్కర్లేదు, జబ్బు చేస్తే మాత్రం గుండె. అందుకే మా వాళ్ళకి గుండెజబ్బులని చెప్పి చుట్టాలందరూ నూనె తగ్గించారు. నేను తప్ప.

ఫోను వణికింది. చెయ్యి పిండితోనే దాన్ని తిరగేశాను. ఎవరో అమ్మాయి, క్రెడిట్ కార్డు ఇస్తుందట, ముందుగానే ఎంపికయ్యారు మేడమ్ అంటోంది. దేనికమ్మా ఎంపికైంది నా కూతురు, అని అడుగుదామనుకున్నాను. పెట్టేశాను. ఫోను మీద మినప్పిండి వేలిముద్ర. కొంగుతో తుడిచాను. అవతలి గదిలోంచి కీర్తన, "ఎవరు?" అంది. "ఎవరో కార్డు పిల్ల" అన్నాను. గాజుల చప్పుడు ఆగింది. ఆ గదిలో అద్దం ముందు చీర కుచ్చిళ్ళు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంటుందని నాకు చూడకుండానే తెలుసు.

గ్లోరి చిన్నపిల్ల, మా కీర్తన కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. ఆసుపత్రిలో ఆమె పని మందులివ్వడం కాదు, చుట్టరికాలు అడగడం. పెళ్ళిళ్ళ పేరమ్మలా కూర్చోబెట్టి ఎవరికెవరేమవుతారో చెప్పించుకుంది, ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి పలకలు గీసుకుంటూ. రక్తమివ్వడానికి వెళ్ళిన ఆ రోజు, పెళ్ళి పట్టుచీర కోసం బెజవాడ వెళుతున్నామని మా ఆయనకి చెప్పాం. చీర లేకుండా తిరిగొచ్చాం. "ఏదీ నచ్చలేదండీ" అంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆడవాళ్ళ గురించి మగవాళ్ళకున్న నమ్మకాలు ఒక్కోసారి ఎంత అక్కరకొస్తాయో. గ్లోరి నన్ను మీ వైపు, మీ ఆయన వైపు అని అడగలేదు. "మీ ఆయన నాన్నగారికి తోబుట్టువులెంతమంది ఆంటీ? ఆడవాళ్ళతో సహా చెప్పండి" అంది. ఆడవాళ్ళతో సహా. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మాట మొదటిసారి విన్నాను. నేను చెబుతుంటే ఒక్కో సున్నా లోపల పెన్సిలుతో నల్లగా నింపింది. సున్నా, సున్నా, సున్నా. మధ్యలో మా మామగారి పలక తెల్లగా, పొగరుగా ఉంది. "ఈయనకి ఏమీ రాలేదు కదమ్మా" అన్నాను. "రాకపోయినా మోసుకొచ్చి ఇస్తారాంటీ. తండ్రి నుంచి కూతురికైనా కొడుక్కైనా సగానికి సగం అవకాశం" అంది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను నేను, బఠాణీల్లో పొడుగు మొక్కలూ పొట్టి మొక్కలూ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను, ఆ తర్వాత బఠాణీ నాకు కుర్మాలో తప్ప కనపడలేదు. అదే పాఠం ఇన్నేళ్ళకి నా కూతురి చేతి నరం దగ్గరికి నడిచి వచ్చింది.

"ఉందని తేలితే?" అని కీర్తనే అడిగింది. గ్లోరి దాచలేదు. ఉంటే జబ్బున్నట్టు కాదు, ఏటా స్కాన్లు, కనిపెట్టుకుని ఉండటం, కొన్ని తేల్చుకోవలసిన విషయాలు. నీహారికకి కూడా ఆ లోపం సంగతి తెలిసింది కాబట్టే దానికి పనిచేసే మందు వేరే ఇస్తున్నారట. తర్వాత, "మీరు చేసుకునేది మీ బావనే కదా" అంది. ఇద్దరికీ ఇదే ఉండి, పుట్టే బిడ్డకి ఇద్దరి నుంచీ ఇదే అందితే, ఎముకల్లో రక్తం సరిగా ఊరదట. పసితనంలోనే. ఆ మాట అప్పటికే అఖిల్‌కి చెప్పి ఉన్నారు. వాడు మా ఇంటికొచ్చి, మామయ్య తోటలో ఉన్న వేళ చూసి, ఇదే గట్టు దగ్గర నిలబడి, "అత్తా, నాకుంది. కీర్తనకి లేకపోతే రేపే తాళి కడతా. ఉంటే దాని నిర్ణయం దానిది, నన్ను చూసి మొహమాటపడొద్దని చెప్పు" అన్నాడు. దానికి నడక రాక ముందునుంచి వాణ్ణి నా కూతురి మొగుడని ఊరంతా ఏడిపించారు. ఇప్పుడు మొహమాటపడొద్దని చెప్పమంటున్నాడు. చెప్పాను. "మొహమాటమా, నా బొందా. నిన్న నా చెప్పులు తొక్కి తెంపాడు వాడు" అంది కీర్తన, అని కళ్ళు తుడుచుకుంది.

"గారెలు ఎర్రగా వేగనివ్వమ్మాయ్, పోయినసారి పచ్చిపచ్చిగా తీశావు" అని హాల్లో నవారు మంచం మీంచి మా అత్తయ్య రావమ్మగారు. కళ్ళు సరిగా కనపడవు కానీ గారె రంగు ఆవిడకి చప్పుడులోనే తెలుస్తుంది. "మాడ్చమంటారా అత్తయ్యా?" అన్నాను. "నువ్వు చెయ్యనిదేముంది" అంది. ఈవిడకే నేను ఒకసారి నెమ్మదిగా చెప్పి చూశాను, మేనరికం మీద కొంచెం ఆలోచిద్దామా అని. మంచం మీద లేచి కూర్చుంది. మేనరికమంటే ఏమనుకున్నావు, మన రక్తం తిరిగి మనింటికే వస్తుంది అంది. మరి వదిన జబ్బు కూడా మన రక్తందేనేమో అత్తయ్యా అన్నాను. తాళి పడ్డాక అది ఆ ఇంటి రక్తమే, మనకేం సంబంధం అంది. రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. రక్తం పెళ్ళికి వస్తుంది, జబ్బుకి రాదు. కొంతమంది చుట్టాలు కూడా అంతే. నవ్వొచ్చింది, అప్పుడు నవ్వాను కూడా, ఆ నవ్వు ఇప్పుడు నూనెలోంచి చిటపటమని నా మణికట్టు మీద పడింది.

మా ఆయన అంటుమొక్క కొనడానికి రెడ్డిగూడెం పోతే మొక్క వంక చూడరు. "తల్లిచెట్టు ఏదయ్యా" అంటారు. ఎండలో అంత దూరం నడిచి ఆ తల్లిచెట్టు బెరడు గోటితో గీకి, ఎక్కడైనా బంక కారుతోందా, కొమ్మలు ఎండుతున్నాయా, చుట్టూ తిరిగి చూసి, దాన్నించి ఇంకెవరెవరు అంట్లు తీసుకెళ్ళారో, వాళ్ళ తోటల్లో ఎలా కాస్తున్నాయో కూడా కనుక్కుని అప్పుడు బేరమాడతారు. బంక కారే చెట్టు అంటు ఎంత పచ్చగా ఉన్నా వద్దంటారు, లోపలుంటుందే, బయటికి కనపడదు అంటారు. అంత తెలిసిన మనిషి. తోటలో నిలబడితే గ్లోరికి పాఠం చెప్పగలరు. గేటు దాటి ఇంట్లోకి వచ్చేసరికి చెప్పులతో పాటు ఆ తెలివిని కూడా మెట్ల దగ్గరే విప్పి వస్తారు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే ఇల్లంతా పెద్దదైపోయింది. కుర్చీలు కూడా ఆగాయి. ఇప్పుడాయన ఏం చేస్తూ ఉంటారో నాకు తెలుసు. నిలబడి వీధిలోకి చూస్తూ, కుడిచేత్తో చొక్కా జేబు కింద, ఎడమ పక్క, మెల్లగా రుద్దుకుంటూ ఉంటారు. ఆయనకే తెలియదు ఆ అలవాటు. చలికాలంలో రొంప చేసి ఛాతీకి మందు రాయమంటే రాస్తూ రాస్తూ నా వేళ్ళు ఒకచోట ఆగాయి. చనుమొన వెనక, చర్మం కింద, గట్టిగా, చింతగింజంత. కదల్లేదు. "ఏంటండీ ఇది" అంటే, "ఎరువు బస్తాలెత్తేటప్పుడు ఒరుసుకుందిలే, కొవ్వు గడ్డ" అన్నారు. నా వేళ్ళు మాత్రం ఆ మాట వినలేదు. వేళ్ళకి వేరే జ్ఞాపకం ఉంది. మా పెరట్లో, ఎండబెట్టిన వడియాల చాప పక్కన, నాగేశ్వరమ్మ వదిన చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని జాకెట్టు లోపలికి పెట్టుకుంది, "చూడమ్మాయ్, ఇదేంటో, నొప్పి కూడా లేదు" అంది. చింతగింజంత. అప్పుడే బెజవాడ వెళదాం పద వదినా అన్నాను, చెయ్యి పట్టి లాగాను కూడా. "పచ్చళ్ళ రోజుల్లో ఎక్కడికమ్మాయ్, మీ అన్నయ్యతో ఏమని చెప్పను, సిగ్గులేకుండా" అని నవ్వేసి, వడియాల మీద కాకిని తోలింది. పచ్చళ్ళయ్యాక చూద్దామంది. ఆ ఏడు వదిన పెట్టిన ఆవకాయ ఆమె పోయాక కూడా జాడీలో ఉంది, ఎవరూ పారెయ్యలేరు, ఎవరూ తినలేరు. మొన్న ఈయన కూడా అదే మాట. "కోతలయ్యాక చూపిస్తాలేవే, ఇప్పుడు నున్న మార్కెట్టుకి లోడ్లు వెళ్ళాలి." ఆమెకి పచ్చళ్ళు, ఈయనకి కోతలు. మామిడికాయ మా ఇంట్లో అందరికీ ఏదో ఒక వంక ఇస్తుంది.

మగవాళ్ళకి కూడా వస్తుందా అని నేను గ్లోరిని అడిగాను, ఎవరి గురించో అన్నట్టు, పర్సు జిప్పు సరిచేసుకుంటూ. "తక్కువాంటీ. కానీ ఈ లోపమున్న మగవాళ్ళకి రావచ్చు" అంది, నా జిప్పు వంక చూస్తూ. పెద్ద మాటకారిని కాను నేను, జిప్పులు కూడా నన్ను పట్టిచ్చేస్తాయి. ఆ తర్వాత బస్సులో మైలవరం దాటేదాకా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నా వైపు అందరినీ సున్నాలూ పలకలూ గీసి చూసింది, ఎవరికీ లేదు, నా రక్తం కూడా తీశారు, లేదని మొన్ననే చెప్పారు. అంటే కీర్తనకి ఉంటే ఈయన్నించే. ఈయన సూది గుచ్చించుకోనవసరం లేదు, ఒప్పుకోనవసరం లేదు, కుర్చీలు జరుపుకుంటూ ఉంటే చాలు, కూతురి ఫోనులో ఈయన సంగతి కూడా వచ్చేస్తుంది. లేకపోతే ఏమీ తేలదు, సగానికి సగం. నేను దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియలేదు. కూతురికి లేకుండా చెయ్యి, ఈయనకి లేకుండా చెయ్యి, ఇన్ని అడిగితే ఆయన కూడా "మీ వైపు ఎవరెవరున్నారు" అని మొదలుపెడతాడేమో.

మోగింది. ఈసారి ఊరికే వణకలేదు, పాట పెట్టి మరీ మోగింది. గ్లోరి మేడమ్ అని వెలిగింది. పిలవబోయాను, అక్కర్లేకపోయింది, కీర్తన అప్పటికే గుమ్మంలో ఉంది, పైట ఒక చేత్తో పట్టుకుని. ఫోను తీసుకుని పెరట్లోకి పోయింది. కిటికీలోంచి వీపు కనపడుతోంది. చాకిరేవు బండ పక్కన నిలబడింది. "ఊ" అంది. "ఊ. చెప్పండి." ఇంకోసారి "ఊ". దండెం మీద ఆరేసిన నా లంగా అంచు దారం లాగుతోంది, లాగుతూనే ఉంది. తల్లినైనా నాకు చెప్పనంది గ్లోరి, ఎవరి రక్తమో వాళ్ళకే ముందు చెబుతారట, మంచి పద్ధతే, ఎంత మంచి పద్ధతో ఈ కిటికీ ఊచలకి తెలుసు. వీధిలో కారు ఆగిన చప్పుడు. తలుపులు టపటపమన్నాయి. "రండి బావగారూ, రండి రండి, అఖిలూ, ఆ గేటు పూర్తిగా తియ్యరా" అని మా ఆయన గొంతు. కీర్తన ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, కాసేపు బండ వంక చూసి, లోపలికి వచ్చింది. దాని మొహంలో ఏడుపు లేదు. లెక్క తప్పు పోయిందేమోనని రెండోసారి చేసి చూసుకున్న పిల్ల మొహంలా ఉంది.

"అమ్మా, నాగేశ్వరమ్మత్త ఫొటో మనింట్లో ఎక్కడైనా ఉందా?" అంది.

పొయ్యి కట్టేశాను. ఉంది. మా గదిలో బీరువా పైన, పాత దుప్పటి మడతల్లో. పెళ్ళికి ముందు వదిన పావడా ఓణీలో తీయించుకున్నది, కట్టించిన ఫ్రేముతో సహా, గోడ మీంచి దించిన రోజు నుంచీ అక్కడే ఉంది. అద్దం తుడిచి ఇచ్చాను. అది పట్టుకుని కీర్తన హాల్లోకి నడిచింది, వెనక నేను, చేతికి పిండితో. అఖిల్ తండ్రి, మా అన్నయ్యగారు, ఆయన తమ్ముడు కుర్చీల్లో సర్దుకుంటున్నారు. గోడ మీద ముసలివాళ్ళ వరస చివర ఒక మేకు ఉంది. వదిన ఫొటో ఉన్న మేకే అది. అప్పట్నుంచీ దానికి కేలండరు వేలాడుతుంది. ఇవాళ ఆ కేలండరు చూసే ముహూర్తం పెట్టుకోవాలి. కీర్తన దాన్ని తీసి మంచం మీద పెట్టి, ఆ మేకుకి ఫొటో తగిలించింది. ఒక పక్కకి ఒరిగితే సరిచేసింది.

"కేలండరు తీశావేంటే?" రావమ్మగారు మంచం మీద తడుముకుంది. "గోడకేం తగిలించావు?"

"అత్త ఫొటో నాయనమ్మా."

"నాగేశ్వరమ్మదా? చాల్లే సంబడం, అది వాళ్ళింటి మనిషే. ఇక్కడెందుకు?"

"మనింటి మనిషే నాయనమ్మా" అంది కీర్తన. "ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు."

ఎవరికీ అర్థం కాలేదు. అన్నయ్యగారు మర్యాదగా చిన్న నవ్వు నవ్వారు. గుమ్మంలో అఖిల్, ఒక కాలి చెప్పు విప్పి, రెండోది విప్పకుండా నిలబడిపోయాడు. గోడ వంక చూశాడు, కీర్తన వంక చూశాడు. కీర్తన అవునన్నట్టు తల ఆడించింది, మెల్లగా, ఒక్కసారి. వాడు విప్పిన చెప్పులోకి మళ్ళీ కాలు పెట్టుకోలేదు, లోపలికీ రాలేదు.

మా ఆయన చేతిలో ఒక కుర్చీ ఉంది, ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు పట్టుకునే ఉన్నారు. మీసాల వరస చివర నల్లజుట్టు అమ్మాయి, ఆయన అక్క, ఆయన ముక్కు, ఆయన గడ్డం. చూస్తూ చూస్తూ కుర్చీ కింద పెట్టారు. కుడిచెయ్యి చొక్కా జేబు కిందికి, ఎప్పుడూ పోయే చోటికే పోయింది. ఈసారి రుద్దలేదు. వేళ్ళు అక్కడే ఆగి ఉన్నాయి. తల దించి, ఎవరిదో అన్నట్టు, ఆ చేతి వంక చూసుకున్నారు.